గిన్నె పడేసిన బిడ్డకు మార్కులెన్ని?

హైదరాబాద్ ఏ.ఎస్. రావు నగర్‌లోని మా ఇంట్లో పదకొండు నెలల మనవరాలికి ఈ మధ్య ఒకటే పని. చేతికిచ్చిన చిన్న స్టీలు గిన్నెను కింద పడేస్తుంది. అది గిర్రున తిరిగి ఆగేదాకా వంగి చూస్తుంది. తీసి ఇమ్మని చెయ్యి చాపుతుంది. ఇస్తే మళ్ళీ పడేస్తుంది. ఈ పనికి పరిశోధకులు ఏం విలువ కడుతున్నారో తెలుసుకుందామని రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకటి అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎయిమీ స్టాల్, లీసా ఫైగెన్సన్ చేసి 2015లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించినది. రెండోది మా పొరుగున తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థది. షహనాజ్ వజీర్ బృందం నల్లగొండ జిల్లా పల్లెల్లో చేసిన ఈ అధ్యయనం 2013లో వచ్చింది.

హాప్కిన్స్ వాళ్ళు పదకొండు నెలల పిల్లలకు వింతలు చూపించారు. బొమ్మ కారు గోడలోంచి దూసుకుపోయినట్టు కొందరికి, ఆధారం లేకుండా గాలిలో నిలిచినట్టు ఇంకొందరికి. తర్వాత ఆ కారునే చేతికిచ్చారు. గోడ వింత చూసినవాళ్ళు దాన్ని బల్లకేసి కొట్టారు. గాలి వింత చూసినవాళ్ళు కింద పడేశారు. అంటే గట్టిదో కాదో, పడుతుందో పడదో ఎవరి అనుమానం వాళ్ళు తీర్చుకున్నారు. వింత చేసిన వస్తువు గురించే కొత్త సంగతిని బాగా నేర్చుకున్నారు కూడా.

నల్లగొండలో 60 పల్లెలు, 600 తల్లీబిడ్డల జంటలు. బిడ్డలకు మూడో నెల నుంచి పదిహేనో నెల వచ్చేదాకా అధ్యయనం సాగింది. ఒక జట్టుకు మామూలు అంగన్‌వాడీ సేవలు. రెండో జట్టుకు, తల్లిపాలతో పాటు ఏం తినిపించాలో ఇంటికొచ్చి చెప్పారు. మూడో జట్టుకు తిండి సలహాలతో పాటు, బిడ్డ సైగ గమనించి తినిపించడం, మాట్లాడుతూ ఆడించడం నేర్పారు. చివర్లో, పసిపిల్లల వికాసాన్ని కొలిచే బేలీ పరీక్ష పెడితే, మామూలు సేవల జట్టు కన్నా మానసిక వికాసంలో స్పష్టంగా ముందున్నది ఈ మూడో జట్టే. ఇదే సంస్థ నుంచి 1968లో గోపాలన్ బృందం, పోషకాహార లోపంతో వచ్చే క్వాషియోర్కర్ జబ్బు బారినపడి కోలుకున్న పిల్లలు తెలివితేటల పరీక్షల్లో వెనకబడ్డారని చూపింది. అప్పుడు తిండి లోటు లెక్కకొచ్చింది. ఇప్పుడు పలకరింపు కూడా లెక్కకొచ్చింది.

చూపు ఎవరిది పదును అంటే హాప్కిన్స్ వాళ్ళదే. బేలీ పరీక్షలో క్యూబులను కప్పులో వేస్తే మార్కు. కప్పులో వేయకుండా క్యూబును కిందికి విసిరే బిడ్డకు ఆ అంశంలో మార్కు లేదు. హాప్కిన్స్ గదిలోనైతే ఆ విసరడమే ఫలితం. బిడ్డ ఎంతసేపు చూసిందన్న లెక్కతో ఆగక, చేతులు ఏం చేశాయో గమనించడం ఆ అధ్యయనానికి బలం.

కానీ అది కొన్ని నిమిషాల కథ. ఇంటికెళ్ళాక ఆ కుతూహలాన్ని ఎవరు పట్టించుకున్నారో, ఎవరు కసిరి ఆపేశారో ఆ గదికి తెలియదు. నల్లగొండ అధ్యయనం ఏడాది పాటు వంటింటి గడప దాటి లోపలికెళ్ళింది. చదువుకున్న నిపుణులతో కాక, శిక్షణ పొందిన ఊరి ఆడవాళ్ళతోనే ఆ పని చేయించింది. మనకు ఎక్కువ అక్కరకొచ్చేది ఇదేనని నా తీర్పు.

ఈ రెండూ ఒక్కచోట కలవాలి. అంగన్‌వాడీలో బిడ్డను తూచేటప్పుడు, ఆ బిడ్డ దేన్ని పడేస్తోందో, దేన్ని వంగి చూస్తోందో కూడా రాసుకునే రోజు రావాలి. అందాకా ఇంట్లో పెద్దలం చేయగలిగింది ఒకటుంది. పడేసిన గిన్నెను విసుక్కోకుండా తీసి మళ్ళీ చేతికిద్దాం.