సీడెడ్ లెక్క – సీమ మాట: ముఠాకక్షల చిత్రాలపై కడప జిల్లా ప్రేక్షకుల తీర్పు

తెలుగు సినిమా వ్యాపారంలో రాయలసీమకు ఇప్పటికీ ‘సీడెడ్’ అన్న పేరే వాడుకలో ఉంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు పుట్టిన పేరది. 1928లో నంద్యాల సభలలో ‘రాయలసీమ’ అన్న పేరు వచ్చాక సాహిత్యంలోనూ జనవ్యవహారంలోనూ పాత పేరు మరుగున పడింది. సినిమా పంపిణీదారుల ఖాతాలలో మాత్రం అది నిలిచిపోయింది. ఆ ఖాతాలో సీమ ప్రేక్షకుడు వసూళ్ల అంకెగా తప్ప మరోలా కనిపించడు. నరుకుడు, పేలుడు ఉంటే సీడెడ్‌లో ఆడుతుందన్న నమ్మకం ఆ అంకెల మీదనే నిలబడింది. మరి టికెట్టు కొన్నంత మాత్రాన ప్రేక్షకుడు తన ప్రాంతపు చిత్రణకు సమ్మతించినట్లేనా? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో సినిమా చూసి వచ్చినవారు చెప్పుకొనే మాటల స్వభావాన్ని బట్టి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సినిమాతో ఈ ప్రాంతపు సంబంధం ముఠాకక్షల చిత్రాలతో మొదలైనది కాదు. ‘వందేమాతరం’ (1939), ‘మల్లీశ్వరి’ (1951) తీసిన బి.ఎన్. రెడ్డి పులివెందుల తాలూకా కొత్తపల్లిలో పుట్టినవారు. హాస్యనటుడు పద్మనాభానిది ఆ తాలూకాలోని సింహాద్రిపురం. పొరుగున ఉన్న తాడిపత్రి ‘మాయాబజార్’ (1957) దర్శకుడు కె.వి. రెడ్డిని ఇచ్చింది. తెలుగు చలనచిత్రానికి సంయమనాన్ని, సౌకుమార్యాన్ని నేర్పిన దర్శకులను కన్న సీమ, ఆ తరువాతి కాలంలో అదే తెర మీద కత్తులకు, బాంబులకు మారుపేరయింది. ఈ వైరుధ్యాన్ని గుర్తుంచుకుంటే తప్ప ఇక్కడి ప్రేక్షకుల అభ్యంతరం అర్థం కాదు.

‘ప్రేమించుకుందాం రా’ (1997)తో ఊపందుకొని, ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఇంద్ర’ (2002), ‘ఒక్కడు’ (2003)ల దాకా సాగిన ధోరణిలో ప్రధానంగా రెండు కథన పద్ధతులు కనిపిస్తాయి. మొదటి పద్ధతిలో నాయకుడు సీమవాడే. కానీ అతని వర్తమానం మరోచోట, మరో పేరుతో గడుస్తుంది. ‘ఇంద్ర’లో అది కాశీ. సీమ అతనికి గతం మాత్రమే. రెండవ పద్ధతిలో నాయకుడు బయటివాడు. ‘ప్రేమించుకుందాం రా’, ‘ఒక్కడు’ చిత్రాలలో కర్నూలు, నాయిక తప్పించుకోవలసిన చోటు. ఒక పద్ధతి సీమను గతంగా చూపితే, మరొకటి చెరగా చూపింది. పసిడి అంగళ్ల ప్రొద్దుటూరు, పెన్న ఒడ్డున నాపరాళ్ల గనుల మధ్య బతికే జమ్మలమడుగు, చీనీ తోటలకు నీళ్లు వెతుక్కొనే పులివెందుల ఈ రెంటిలోనూ లేవు. అంటే, సీమ మనిషి సాధారణ వర్తమానానికి అక్కడ తావు లేదు.

అయినా ఈ చిత్రాలకు సీమలో ఆదరణ దక్కింది. ఈ ఆదరణను అర్థం చేసుకోవాలంటే టీ అంగడి దగ్గర సాగే సంభాషణ నిర్మాణాన్ని చూడాలి. “మావాడు బాగా చేసినాడు గానీ, మన ఊర్లు యాడ ఇట్లుండాయి?” అన్న తరహా వాక్యం ఆ సంభాషణలకు నమూనా. వాక్యపు మొదటి సగం అభిమానిది. అక్కడ ‘మావాడు’ అంటే తెరమీది కథానాయకుడు. రెండవ సగం ఊరివాడిది. అక్కడ ‘మన’ అంటే ఈ నేల. ‘గానీ’ దగ్గర అభిమాని విమర్శకుడవుతున్నాడు. వసూళ్ల లెక్కకు అందేది మొదటి సగం ఒక్కటే.

ఆ రెండవ సగంలో సాధారణంగా వినిపించే అభ్యంతరాలు మూడు. మొదటిది యాసకు సంబంధించినది. కర్నూలు జిల్లాలో పుట్టిన జయప్రకాశ్ రెడ్డి ‘ప్రేమించుకుందాం రా’లో సీమ పలుకుబడికి తెరమీద గొప్ప ప్రాణం పోశారు. అయితే ఆ విజయం ఒక అలవాటుగా గడ్డకట్టింది. ప్రతినాయకుడికి, అతని అనుచరులకు యాస. నాయకుడు సీమవాడైనా అతనికి శిష్టవ్యవహారం. ‘వస్తాండా’, ‘చేస్తాండాడు’ అన్న క్రియారూపాలు ఇంట్లో తల్లి నోట వినబడే మాటలు. తెరమీద అవి బెదిరింపుకు గుర్తులయ్యాయి.

రెండవది కారణానికి సంబంధించినది. ముఠాకక్షలు కల్పితాలు కావు. వాటికి బలైన కుటుంబాలు జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో ఉన్నాయి. వాటిని చూపకూడదని ప్రేక్షకులు అనడం లేదు. గ్రామాధిపత్యం, భూమి, ఎన్నికలు, కాంట్రాక్టులు ఉన్నచోట సినిమా ‘రక్తం’, ‘పౌరుషం’ అన్న మాటలను నిలబెట్టింది. చరిత్రలో పుట్టినది స్వభావంగా మారింది. మూడవది పర్యవసానానికి సంబంధించినది. గాలిలోకి లేచిన సుమోలను చూపిన తెర, బీడుపడిన చేనును, వాయిదాలకు తిరిగే కుటుంబాన్ని, తాళి తెగిన ఇంటిని చూపలేదు. క్షేమేంద్రుడి పరిభాషలో చెప్పాలంటే ఈ మూడూ ఔచిత్య దోషాలే. ఆ పదం వాడకపోయినా, మాటకు మనిషి, పనికి కారణం, కారణానికి ఫలితం పొసగలేదని ఇక్కడి ప్రేక్షకుడు చెబుతున్నాడు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. తొడగొట్టే నాయకుణ్ణి చూసి సీమ యువకులు గర్వపడలేదా? పడ్డారు. కరవుకు, వలసకు తప్ప వార్తల్లోకి ఎక్కని ప్రాంతానికి భయపెట్టే బొమ్మ కూడా ఒక గుర్తింపుగానే తోచింది. పైగా తారాభిమానం, పార్టీ అభిమానం తీర్పును వంచుతాయి. పులివెందుల నాయకుడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్రపై వచ్చిన ‘యాత్ర’ (2019) వంటి చిత్రం విషయంలో సినిమాపై అభిప్రాయాన్ని రాజకీయాభిప్రాయం నుంచి విడదీయడం కష్టం. కాబట్టి అభిమానుల ప్రతి మాటా విమర్శ కాదు. సింహాద్రిపురం ప్రాంతంలోని పైడిపాళెంలో పుట్టిన రారా తన విమర్శలో కీర్తిని కాక, రచన జీవితానికి ఎంత జవాబుదారీగా ఉందన్నదానిని చూశారు. ఆ కొలతను ప్రేక్షకుల మాటకూ వర్తింపజేయాలి. తార పేరు తీసేసినా నిలబడే అభిప్రాయమే విమర్శ. పైన చెప్పిన మూడు అభ్యంతరాలూ ఆ పరీక్షకు నిలుస్తాయి. ఏ నాయకుడి చిత్రానికైనా అవి సమానంగా వర్తిస్తాయి.

అవి నిరర్థకమైనవీ కావు. త్రివిక్రమ్ దర్శకత్వంలో వచ్చిన ‘అరవింద సమేత వీర రాఘవ’ (2018)లో నాయకుడు సీమ యాసలో మాట్లాడాడు. కక్షను గెలవడం కంటే ఆపడం కథకు లక్ష్యమైంది. మగవాళ్లను పోగొట్టుకున్న స్త్రీల దుఃఖానికి చోటు దక్కింది. అయితే నరుకుడు దృశ్యాల ఆకర్షణను ఆ చిత్రం కూడా వదులుకోలేదు. ‘పుష్ప’ (2021) చిత్తూరు యాసను నాయకుడి నోట నిలిపింది కానీ, అతణ్ణి నేరలోకం నుంచి బయటికి తేలేదు. యాస విషయంలో కొంత మార్పు వచ్చింది. కారణం, పర్యవసానాల విషయంలో రావలసినది ఇంకా మిగిలి ఉంది.

కేతు విశ్వనాథరెడ్డి, సొదుం జయరాంల కథలలో కడప జిల్లా పల్లె ఎలా కనిపించిందో చర్చించిన మన విశ్వవిద్యాలయాలు, అదే పల్లె తెర మీద ఎలా కనిపించిందో, దానికి ఆ పల్లె ఏమని బదులిచ్చిందో తగినంతగా పట్టించుకోలేదు. కథను చదివినవారి కంటే సినిమాను చూసినవారు ఎన్నో రెట్లు ఎక్కువ. సీమ బయటి మనిషి మనసులో కడప బొమ్మను గీసింది ప్రధానంగా సినిమాయే. చదువుకో, కొలువుకో ఊరు దాటిన యువకుడు తన జిల్లా పేరు చెప్పగానే ఎదుటివారి ముఖంలో మెదిలేది ఆ బొమ్మే. అందువల్ల ‘గానీ’ తర్వాతి మాటలను తరాలవారీగా, ఊళ్లవారీగా, స్త్రీల అభిప్రాయాలతో సహా సేకరించి పరిశోధించవలసిన అవసరం ఉంది. సీడెడ్ లెక్కలో ఆ మాటలకు గడి లేదు. తెలుగు విమర్శలోనైనా ఉండాలి.