నచ్చని మనిషిని నమ్మించే రచన

బ్రిటిష్ టెలివిజన్ హాస్య రచయితల పనితనంలో ప్రత్యేకంగా మెచ్చుకోదగినది, ఎవరూ ఇష్టపడలేని మనిషిని సృష్టించి, అటువంటివాడు నిజంగా ఉంటాడని ప్రేక్షకుని నమ్మించే నేర్పు. సిట్‌కామ్, అనగా అవే పాత్రలు దాదాపు అదే చోట ప్రతి భాగంలోనూ కొత్త చిక్కులో పడే హాస్య ధారావాహిక, ఈ నేర్పుకు గట్టి పరీక్ష. అందులో ప్రధాన పాత్ర గుణం మారకూడదు, చూసేవారికి విసుగూ పుట్టకూడదు.

జాన్ క్లీజ్, కోనీ బూత్ కలిసి రాయగా 1975లోనూ 1979లోనూ 12 భాగాలుగా బీబీసీ ప్రసారం చేసిన ‘ఫాల్టీ టవర్స్’లో హోటల్ యజమాని బేసిల్ అతిథులను కసురుకుంటాడు, వెయిటర్ మాన్యుయెల్‌పై చేయి చేసుకుంటాడు. అయితే మొదటి భాగంలో, ప్రభువుగా చెప్పుకొన్న ఒక మోసగాడి కోసం, కిటికీ పక్కన భోంచేస్తున్న కుటుంబాన్ని లేపి వేరే బల్లకు పంపినప్పుడు, ఆ దురుసుతనం వెనుక ఉన్నది హోదా కోసం పడే ఆరాటమేనని తెలిసిపోతుంది.

రికీ జెర్వైస్, స్టీఫెన్ మర్చంట్ 2001లో ప్రారంభించిన ‘ది ఆఫీస్’లో, స్లౌ పట్టణంలోని కాగితం కంపెనీ మేనేజర్ డేవిడ్ బ్రెంట్ అందరి మెప్పు కోసం తహతహలాడుతూ అందరినీ ఇబ్బంది పెడతాడు, కాని రెండో సిరీస్ చివర తనను ఉద్యోగం నుంచి తీసేయవద్దని ప్రాధేయపడేటప్పుడు అతనిని చూసి నవ్వడం ఎవరికీ సాధ్యం కాదు.

పాత్ర తప్పును కప్పిపుచ్చక, దాని కారణాన్ని కూడా దాచక చూపడమే ఈ రచయితల ఘనత. హాస్య రచన నేర్వదలచినవారు శ్రద్ధగా చదువుకోవలసిన పాఠం ఇదే.