ఏకసంథాగ్రాహి టామ్: పేర్లు, పాటలు

గ్రామఫోను రాకముందు అమెరికాలో జనరంజకమైన పాటలు కచేరీల వల్లా, అచ్చయిన స్వరపత్రాల వల్లా ఇంటింటికీ చేరేవి. ఆ కాలంలో మిక్కిలి పేరుపొందిన పియానో వాద్యకారుల్లో థామస్ విగ్గిన్స్ ఒకడు. 1849లో జార్జియాలో బానిస దంపతులకు పుట్టిన ఇతడు పుట్టంధుడు. లోకం ఇతనిని 'బ్లైండ్ టామ్' అన్నది.

విన్న బాణీని వెంటనే తిరిగి వాయించేవాడు. ఒక చేత్తో ఒక పాట, రెండో చేత్తో వేరొకటి వాయిస్తూ నోటితో మూడోది పాడేవాడు. అవధానాలెరిగిన మనవారైతే ఇట్టివానిని ఏకసంథాగ్రాహి అని గౌరవిస్తారు. అతని యజమానుల ప్రచారం మాత్రం అతనిని బుద్ధి లేని అనుకరణ యంత్రంగా చూపింది. తన్ను గురించి తానే 'టామ్' అని వేరొకరిని గూర్చినట్లు చెప్పుకోవడం, వింత కదలికలు అందుకు సాక్ష్యాలయ్యాయి.

1943లో లియో కానర్ పదకొండుమంది పిల్లల్ని పరిశీలించి ఆటిజాన్ని వర్ణించాడు. 1995లో ఆలివర్ శాక్స్ టామ్‌లో ఆ లక్షణాలను గుర్తించాడు. గతించినవాని విషయంలో ఇది ఊహే అయినా, పాత నింద కంటే మేలైన ఊహ. అయితే పేరు మార్చి ఊరుకుంటే చాలదని మా అభిప్రాయం.

1866లో అచ్చయిన 'మనాసస్ యుద్ధం' అనే అతని రచననే చూడండి. ఢంకాలు, పిల్లనగ్రోవి, సైనికులెరిగిన పాటలు, రైలు చప్పుడు ఇందులో వరుసగా వస్తాయి. ఫిరంగుల మోత కోసం పియానో మంద్రస్థాయి మెట్లను గుంపుగా అదిమిస్తాడు. ఏ పాట తరువాత ఏది రావాలో, ఫిరంగి ఎక్కడ అడ్డుపడాలో నిర్ణయించడం రచయిత పని. విన్నది ఒప్పగించేవానికి ఆ నిర్ణయాలతో పని లేదు. పైగా అది బానిస యజమానుల పక్షం గెలిచిన 1861 నాటి యుద్ధం. దానిని ఒక బానిస చేత వారే ఊరూరా వాయింపజేశారు.

'యంత్రం' అన్న మాట వారికి లాభసాటి. యంత్రం తన సంపాదన అడగదు కదా! 1865లో బానిసత్వం రద్దయినా సంరక్షకత్వం పేరిట టామ్ ఆర్జన ఆ కుటుంబం చేతిలోనే నిలిచింది. 1887లో కోర్టు సంరక్షకుణ్ణి మార్చినా, ఆ హక్కు అదే ఇంటి మాజీ కోడలికి దక్కింది. 1908లో మరణించేదాకా అతడు స్వతంత్రుడు కాలేదు.

ఆటిజం అన్న అవగాహన ఆ మనిషికి రచయిత స్థానాన్ని తిరిగి ఇస్తేనే సార్థకం. విమర్శకులు ముందు అతని స్వరపత్రాలను తెరవాలి.