షాంపేన్‌లో ఏ గడప తొక్కాలి?

ప్యారిస్‌లో తూర్పు స్టేషన్ నుంచి వేగం రైలెక్కితే ముప్పావుగంటలో రీమ్స్ వచ్చేస్తుంది. షాంపేన్ సీమకు అదే ముఖద్వారం. చిక్కంతా అక్కడ దిగాకే. దాదాపు 34,000 హెక్టార్ల ద్రాక్షతోటలు, మూడు వందలకు పైగా ఊళ్లు, వేల రైతు కుటుంబాలు. చేతిలో ఉన్నవి మాత్రం రెండు రోజులు. చాలామంది తమకు తెలిసిన సీసా పేరు పట్టుకుని ఆ కంపెనీకే వెళ్తారు. ఒక గ్లాసు తాగి, నాలుగు ఫొటోలు దిగి వెనక్కి రైలెక్కుతారు. ఆ వైన్ వెనుక ఎంత పని ఉందో వాళ్లకు తెలియనే తెలియదు. పేరును బట్టి కాకుండా పనిని బట్టి ఎంచుకుంటే మూడు గడపలు చాలు.

మొదట నేల కిందికి దిగాలి. రీమ్స్ అడుగున శతాబ్దాల నాటి సుద్దరాయి గనులున్నాయి. పైన మూతి ఇరుకు, దిగేకొద్దీ వెడల్పు. పల్లెల్లో ధాన్యం దాచిన పాతరను చూసినవాళ్లు ఆ ఆకారాన్ని ఇట్టే గుర్తుపడతారు. 1729లో మొదలైన రుయినార్ సంస్థ గనులు 38 మీటర్ల లోతు దాకా ఉన్నాయి. పొమ్మెరీ సంస్థలో 116 మెట్లు దిగాలి. పైన ఎండ మండుతున్నా లోపల ఏడాది పొడవునా పది డిగ్రీల చలే. సుద్ద తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. సీసాలు ఏళ్ల తరబడి కదలకుండా పడుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. మొదటి ప్రపంచ యుద్ధంలో నగరం మీద ఫిరంగి గుళ్లు కురుస్తుంటే జనం తలదాచుకున్నదీ, పిల్లలకు బడులు నడిచిందీ ఇలాంటి నేలమాళిగల్లోనే. ఈ కొండవాలులను, కంపెనీలను, నేలమాళిగలను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. స్వెట్టర్ మాత్రం మరచిపోకూడదు.

రెండో గడపలో చూడాల్సింది చేతిపని. అదేమిటో ముందే తెలుసుకుని వెళ్తే చూపు మారుతుంది. ఒకసారి పులిసి సిద్ధమైన వైన్‌లో కాస్త చక్కెర, ఈస్ట్ కలిపి సీసాలో పోసి మూత బిగిస్తారు. లోపల అది మళ్లీ పులుస్తుంది. పుట్టిన వాయువుకు బయటికి దారి లేక వైన్‌లోనే కరిగిపోతుంది. ఆ ఒత్తిడి కారు టైరులో గాలి ఒత్తిడికి రెట్టింపు పైనే. పని ముగిసిన ఈస్ట్ చచ్చి మడ్డిగా అడుగున చేరుతుంది. రుచికి బలం ఆ మడ్డితో కలిసి ఉండటంలోనే వస్తుంది. అందుకే మామూలు షాంపేన్‌కు కనీసం 15 నెలలు, ఒకే ఏడాది పంటతో చేసినదానికి మూడేళ్లు నేలమాళిగ వాసం తప్పదని నిబంధన.

మరి ఆ మడ్డిని బుడగలు పోకుండా తీసేదెలా? 27 ఏళ్లకే భర్తను పోగొట్టుకుని వ్యాపారం చేపట్టిన బార్బ్-నికోల్ క్లికో ఇంట 1816 ప్రాంతంలో దీనికి దారి దొరికింది. కంతలు చేసిన బల్లలో సీసాలను తలకిందులుగా గుచ్చి, రోజూ కొద్దికొద్దిగా తిప్పుతూ వంపు పెంచుతారు. వారాల్లో మడ్డి అంతా మెడలోకి జారుతుంది. అప్పుడు మెడను గడ్డకట్టించి మూత తీస్తే లోపలి ఒత్తిడే మంచుబిళ్లను బయటికి తన్నేస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల ఇదంతా యంత్రం వారంలో చేసేస్తోంది. అందులో తప్పేమీ లేదు. అయినా చేత్తో తిప్పడం ఇంకా ఎక్కడ సాగుతోందో అడిగి వెళ్లడం మంచిది. మణికట్టు అంత లయగా ఆడటం ఒక్కసారైనా చూసి తీరాలి.

దోం పెరిన్యోన్ అనే సన్యాసి బుడగలను కనిపెట్టాడన్న కథ గైడ్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. అది నిజం కాదు. 1715లో కన్నుమూసి ఓవిలే మఠం చర్చిలో సమాధి అయిన ఆయన అసలు నేర్పు వేర్వేరు తోటల ద్రాక్షను పొందికగా కలపడంలో ఉంది.

మూడోది రైతు ఇల్లు. దీన్ని వదులుకుంటే ప్రయాణం సగమే. సీసా మీది చిన్న అక్షరాల్లో ‘ఆర్‌ఎం’ అని ఉంటే తన తోట ద్రాక్షతో తనే వైన్ చేసిన రైతు అని అర్థం. ‘ఎన్‌ఎం’ అంటే ద్రాక్ష కొనుక్కుని కూడా చేసే సంస్థ. తెల్ల ద్రాక్ష షార్దొనే రుచి కోసమైతే క్రామాన్, అవీజ్ ఊళ్లకు, నల్ల ద్రాక్ష పినో నువార్ కోసమైతే బూజీ, అంబోనే ఊళ్లకు వెళ్లాలి. కోత అంతా చేత్తోనే జరగాలి. 4,000 కిలోల పండు నుంచి 2,550 లీటర్లకు మించి రసం తీయకూడదు. ఈ కట్టుబాట్లు కాగితం మీద చదివితే ఒకటి, గానుగ పక్కన నిలబడి రైతు నోట వింటే ఒకటి.

ఈ రైతుల పట్టుదలకు పాత గాయం ఉంది. బయటి ప్రాంతాల ద్రాక్షతో వ్యాపారులు షాంపేన్ చేస్తున్నారన్న కోపంతో 1911లో ఆయ్ ఊళ్లో గిడ్డంగులు తగలబడ్డాయి. ఊరి పేరు పంటకు ప్రాణమని వాళ్లు అంతగా నమ్మారు. 2017లో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు సంతోషించిన తెలుగువాళ్లకు ఆ బాధ సులువుగానే అర్థమవుతుంది.

రైతు ఇంటికి ముందే కబురు పెట్టాలి. కోతల రోజుల్లో, అంటే ఎక్కువగా సెప్టెంబరులో, పోకపోవడమే మర్యాద. వెళ్లాక ఒక సీసా అయినా కొనాలి. రోజుకు రెండు చోట్లకు మించితే నాలుక మొద్దుబారుతుంది. రుచి చూసి గిన్నెలో ఉమ్మేయడం అక్కడ తప్పు కాదు, వృత్తివాళ్లంతా చేసేదే. రీమ్స్, ఎపెర్నే నగరాల మధ్య రైలుంది, ఊళ్లలోకి మాత్రం టాక్సీ మేలు. ఆఖరున కాస్త పొద్దుంటే వెర్జెనే ఊరికి వెళ్లొచ్చు. సముద్రం ఛాయే లేని ఆ కొండ మీద 1909లో కట్టిన దీపస్తంభం ఉంది. ఎక్కి చూస్తే నాలుగు వైపులా ద్రాక్ష సాళ్లే.