పక్కటెముకలు తగిలే దాకా

ఎడమ చేతిని బల్ల మీద బోర్లా పెట్టి, కుడి చేతి వేళ్లతో దాని వెనక భాగం నిమరండి. పల్చటి చర్మం కింద ఎముకలు ఒక్కొక్కటిగా తెలుస్తాయి. కుక్క పక్కటెముకలు అలా తగిలితే దాని ఒళ్లు ఉండాల్సినట్టే ఉందన్నమాట. పిడికిలి బిగించినప్పటి మెటికల్లా గుచ్చుకుంటే బక్కచిక్కినట్టు. చేతిని వెల్లకిలా తిప్పి అరచేతిని నొక్కినట్టు మెత్తగా ఉండి, ఎముక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే కొవ్వు పట్టినట్టు. పశువైద్యులు దీనితోపాటు నడుము, పొట్ట కూడా చూసి 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు. 4, 5 మంచివి. 5 దాటాక ఒక్కో మార్కుకీ 10 నుంచి 15 శాతం అదనపు బరువు ఉన్నట్టు లెక్క.

మా అక్కావాళ్ల బ్రూనోకి 8 వచ్చాయి.

బ్రూనో ఆరేళ్ల లాబ్రడార్. ఊరు తాడేపల్లిగూడెం. అక్కా బావగారూ కూతురి పురిటికని డల్లాస్ వెళ్తూ ఆర్నెల్లకు వాణ్ని విశాఖలో మా ఇంట్లో దింపారు. కారు దిగడానికి వాడికి ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది. పైనుంచి చూస్తే నడుమన్నది లేదు, వీపు పీటలా ఉంది. తూకం 42 కేజీలు. ఆ ఒంటి వాటానికి 32 చాలన్నారు డాక్టరు గారు. గోదావరి జిల్లాల మర్యాద గురించి కొత్తగా చెప్పేదేముంది? వచ్చిన చుట్టం మారు వడ్డించుకోకపోతే చిన్నబుచ్చుకునే ఊళ్లో, గుమ్మంలోనే కాపురముండే జీవిని ఎలా చూసుకుంటారో ఊహించుకోండి. పొద్దున బావగారి టిఫినులో వాటా. మధ్యాహ్నం నెయ్యేసి కలిపిన పప్పన్నం. సాయంత్రం టీ వేళకి బిస్కెట్లు. రాత్రి మీగడ పెరుగన్నం. ఇవన్నీ చిరుతిళ్లు, అసలు భోజనం రెండు పూటలా ప్యాకెట్ తిండి. తాపేశ్వరం కాజా ఇంట్లోకొస్తే వాడి ముక్క తీశాకే డబ్బాకి మూత పడేది. వెళ్తూ వెళ్తూ అక్క నా చేతిలో నేతి సీసా పెట్టి, "వాడికేనే, కూరల్లో వేసేసుకోకు" అంది.

లావు కుక్క విషయంలో రెండు జతల కళ్లని నమ్మకూడదని నా అభిప్రాయం. ఒక జత మనవి. బొద్దుగా ఉంటే కలిగిన ఇంటి లక్షణమనీ, నిగనిగలాడితే ఆరోగ్యమనీ మనకి అలవాటు. చుట్టుపక్కల లాబ్రడార్లన్నీ పొట్టలేసుకునే తిరుగుతుంటే, సరైన బరువున్నది ఎదురొచ్చినప్పుడు పాపం తిండి పెట్టట్లేదేమో అనిపిస్తుంది. రెండో జత ఆ కుక్కవి. భోజనాల బల్ల పక్కన కూర్చుని, గడ్డం మన మోకాలి మీద ఆనించి అది చూసే చూపుని ఆకలి అనుకుంటాం. చాలాసార్లు కాదు.

లాబ్రడార్ల సంగతికొస్తే దీనికి కొంత రుజువు కూడా ఉంది. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు పీఓఎంసీ అనే జన్యువులో 14 అక్షరాలు ఎగిరిపోయిన లోపాన్ని ఈ జాతిలో కనిపెట్టారు. తిన్నది చాలు అని మెదడుకి కబురందించే ఏర్పాటులో ఆ జన్యువు ఓ మెట్టు. దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో ఈ లోపం కనీసం ఒక ప్రతిలో ఉంది. అదే బృందం 2024లో చెప్పింది ఇంకా విచిత్రం: ఈ లోపమున్న కుక్కలు ఊరికే పడుకున్నప్పుడు మిగతావాటికన్నా నాలుగో వంతు తక్కువ శక్తి ఖర్చు చేస్తాయట. ఆకలేమో ఎక్కువ, ఖర్చేమో తక్కువ. బ్రూనోకి ఆ పరీక్ష చేయించలేదు, చేయించినా పెట్టే తిండి మారదు. కానీ ఈ సంగతి తెలిశాక వాడి చూపుకి నేను కరగడం తగ్గింది. వాడు నటించడం లేదు, నిజంగానే తినాలనిపిస్తోంది. అయితే వాడికి అనిపించేదీ వాడి ఒంటికి కావలసిందీ ఒకటి కావు.

ముందు డాక్టరు దగ్గరకి వెళ్లాలి, ఇది మాత్రం దాటేయకండి. థైరాయిడ్ తగ్గినా, అడ్రినల్ గ్రంథులు అతిగా పనిచేసినా కుక్కలు లావెక్కుతాయి. అప్పుడు తిండి కోస్తే ప్రయోజనం లేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కలకి ఆకలి పెరిగి అవసరం తగ్గుతుంది. బ్రూనోకి రక్త పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. రోగమంతా వడ్డనలోనే ఉంది.

ఇక లెక్క. ఇది నాకు భలే నచ్చింది, ఫోనులోని క్యాలిక్యులేటర్ చాలు. కుక్క ఉండాల్సిన బరువుని మూడుసార్లు గుణించి, రెండుసార్లు వర్గమూలం నొక్కి, వచ్చినదాన్ని 70తో గుణించాలి. 32ని 32తో, మళ్లీ 32తో గుణిస్తే 32,768. ఒక వర్గమూలానికి 181, రెండోదానికి 13.45. దాన్ని 70తో గుణిస్తే 940 పైచిలుకు. ఏ పనీ చేయకుండా పడుకున్నా 32 కేజీల కుక్కకి రోజుకి పట్టే క్యాలరీలవి. బరువు తగ్గించేటప్పుడు చాలామంది వైద్యులు మొదలెట్టేది అక్కడి నుంచే. అప్పుడున్న 42కి కాకుండా చేరాల్సిన 32కి లెక్కవేయడంలోనే కిటుకంతా ఉంది. అందులో పదో వంతుకి మించి చిరుతిళ్లు ఉండకూడదు. కేజీకి 3,000 క్యాలరీలని ప్యాకెట్ మీద రాసుంటే, రోజు మొత్తానికి సుమారు 280 గ్రాములు. అంతే! ఒక టేబుల్ స్పూను నెయ్యి 120 క్యాలరీలు. అక్క ఇచ్చిన సీసాని అప్పుడే పై అరలోకి ఎక్కించాను.

మామూలు తిండినే సగానికి కోసేయడం మంచిది కాదని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. క్యాలరీలతోపాటు మాంసకృత్తులూ విటమిన్లూ కూడా సగమైపోయి, కొవ్వుకి బదులు కండ కరుగుతుంది. అందుకే మాంసకృత్తులూ పీచూ ఎక్కువగా ఉండి, కొవ్వు తక్కువగా ఉండే బరువు తగ్గించే రకం తిండికి నెమ్మదిగా మార్చాం. ఖరీదెక్కువే. కానీ పప్పన్నం, బిస్కెట్లు, కాజాలు, నెయ్యి ఆగిపోయాక ఇంటి ఖర్చులో పెద్ద తేడా రాలేదు.

కప్పుతో కొలవొద్దు. ఒకే కప్పు, నా చేతిలో ఒకలా నిండుతుంది, మా ఆయన చేతిలో గోపురం లేస్తుంది. వంటింట్లో మసాలాలు తూచే చిన్న కాటా తీసుకుని, పొద్దున్నే రోజు మొత్తానికీ తూచి ఒక స్టీలు డబ్బాలో పోస్తాను. ఇంట్లో ఎవరికి ప్రేమ పుట్టినా ఆ డబ్బాలోంచే తీసి పెట్టాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి ప్రేమ అయిపోయినట్టే. ఇంకా పెట్టాలనిపిస్తే కీరా ముక్కలు, క్యారెట్, ఉప్పు లేకుండా ఉడికించిన బీన్స్, సొరకాయ. క్యారెట్ కొరకడం వాడికి ఎంత ఇష్టమో, ఆ శబ్దం వినడం నాకంత ఇష్టం. ద్రాక్ష, కిస్‌మిస్ మాత్రం ఒక్కటి కూడా వద్దు, కుక్కలకి మూత్రపిండాలు పాడవుతాయి. ఉల్లిపాయ రక్తకణాలని దెబ్బతీస్తుంది కాబట్టి సాంబారన్నం పెట్టే ఇళ్లవాళ్లు ఆలోచించుకోవాలి.

పళ్లెంలో పోస్తే బ్రూనో భోజనం నిమిషం కూడా పట్టదు. ఇడ్లీ పళ్లేల్లో గుంటకి కొన్ని గింజలు చొప్పున సర్దిపెడితే ఒక్కో గుంటా నాకుతూ చాలాసేపు కాలక్షేపం చేస్తాడు. కడుపు నిండడం ఒకటైతే, తిన్నాననిపించడం ఇంకొకటి. బజార్లో ఇందుకోసం ప్లాస్టిక్ గిన్నెలు అమ్ముతున్నారు. మా ఇంట్లో పాత ఇడ్లీ స్టాండు ఊరికే పడి ఉంది.

నడక గురించి అందరూ ముందు అడుగుతారు, నేను చివర చెబుతాను. కిలోమీటరు నడిస్తే అంత కుక్కకి ఖర్చయ్యేది నలభై, యాభై క్యాలరీలు. ఒక స్పూను నెయ్యి కరగాలంటే రెండు మూడు కిలోమీటర్లు. నడకతో బరువు తగ్గించడం కుదిరేపని కాదు. కండ నిలవడానికీ, కీళ్లు ఆడడానికీ, వాడి బుర్రకి తోచడానికీ నడక. పైగా కుక్క ఒళ్లు చల్లబడేది ప్రధానంగా నాలుక చాపి రొప్పడం వల్లే. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ రొప్పుకి ఫలితం తక్కువ. కొవ్వు పట్టిన కుక్కకి మరీ కష్టం. అందుకే చీకటుండగానే బీచ్ రోడ్డు. మొదట్లో కాసేపు నడిచి కూర్చునేవాడు, నేనూ కూర్చునేదాన్ని. సముద్రం చూస్తూ కూర్చోవడానికి నాకు ఇంతకన్నా మంచి సాకు దొరకలేదు.

అక్కడ టీ బండి దగ్గరే అసలు గండం. నడకకొచ్చిన పెద్దమనుషులు, తాము చక్కెర లేని టీ తాగుతూ, కుక్కకి మాత్రం గ్లూకోజ్ బిస్కెట్ విసురుతారు. వద్దండీ అంటే, "ఒక్క బిస్కెట్టుకి ఏమైపోతుందమ్మా, మూగజీవి నోరు కొట్టకూడదు" అంటారు. ఆ మాటకి ఎదురు చెప్పడం కష్టం, పాపపుణ్యాల్లోకి వెళ్లిపోతుంది. నేను జేబులో కీరా ముక్కలు పెట్టుకెళ్లి, "ఇది పెట్టండి, పుణ్యం అంతే వస్తుంది" అనడం మొదలెట్టాను. ఒకాయన ఒప్పుకోలేదు. కీరా పెడితే పెట్టినట్టు ఉండదట. ఆయన్ని దూరం నుంచి చూడగానే అవతలి వైపుకి దాటేస్తాం.

పుణ్యం సంగతి నాకు తెలీదు కానీ ఆయుష్షు లెక్క ఉంది. 48 లాబ్రడార్ కుక్కపిల్లల్ని జతలుగా విడదీసి, ఒకదానికి పెట్టినదానికన్నా రెండోదానికి 25 శాతం తక్కువ పెడుతూ జీవితాంతం చూశారు. ఫలితం 2002లో వచ్చింది. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2. కీళ్లవాతానికి మందు వాడాల్సిన అవసరం కూడా తక్కువ తిన్నవాటికి ఆలస్యంగా వచ్చింది. ఎక్కువ తిన్న గుంపు బ్రూనో అంత లావేం కాదు. మనం చూసి "బాగున్నాడు" అనే పాటివే. ఈ ప్రయోగం చేయించింది ప్యురినా, అంటే కుక్కల తిండి అమ్మే కంపెనీ. తక్కువ పెట్టండని చెప్పే సంగతి వాళ్ల దగ్గర్నుంచే రావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

తూకం మా వీధి చివర బియ్యం కొట్టులో. 42 కేజీల కుక్కని ఎత్తుకుని ఇంట్లో మిషనెక్కడం నా వల్ల కాదు, బస్తాలు తూచే కాటా నేల మీదే ఉంటుంది, వాడే ఎక్కుతాడు. వారానికి ఒంటి బరువులో ఒకటి, రెండు శాతం తగ్గితే చాలు. మొదట్లో అది 400 నుంచి 800 గ్రాములు. అంతకన్నా వేగం మంచిది కాదు. కొన్ని వారాలు ముల్లు కదలదు. అప్పుడు డాక్టరుకి చెప్పి డబ్బాలో ఇంకో ఐదు శాతం తగ్గించాలి. కొట్టు యజమాని కూడా లెక్క రాసుకోవడం మొదలెట్టి, తగ్గని వారం నన్ను అనుమానంగా చూసేవాడు.

డల్లాస్ నుంచి వీడియో కాల్ వచ్చినప్పుడల్లా కోర్టుకి హాజరైనట్టే. "ఏంటే, వాడి ముఖం అలా పీక్కుపోయింది? నడుం చూడు, విరిగిపోయేలా ఉంది" అని అక్క. నడుం కనిపించడమే మనకి కావలసింది అంటే వినదు. బావగారు వెనక నుంచి, "అమ్మాయ్, నీకు ఇబ్బందైతే డబ్బులు పంపుతాను, వాడికి మాత్రం లోటు చేయకు" అంటారు. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలీదు. ఫోనులో కనిపించే కుక్కకి పక్కటెముకలు తడిమి చూపించే వీలు లేదు. మెట్లెక్కుతున్న వీడియో పంపాను. వచ్చిన కొత్తలో మొదటి అంతస్తుకి రావడానికి మధ్యలో ఆగేవాడు, ఇప్పుడు నాకన్నా ముందు పైకొచ్చి తలుపు గోకుతున్నాడు. దానికి అక్క ఏమీ అనలేదు, కానీ వాళ్లమ్మాయి చెప్పడాన్ని బట్టి ఆ వీడియో పసిపిల్లకి పాలు పడుతూ మళ్లీ మళ్లీ చూసుకుందట.

ఇప్పుడు 34 మీద ఉన్నాడు. వచ్చే నెల వాళ్లొస్తారు. అసలు కష్టం అప్పుడే మొదలు: లావు తగ్గిన కుక్కకి ఆ బరువు నిలుపుకోవడానికి పట్టే తిండి, మొదట్నుంచీ సన్నగా ఉన్న కుక్కకి పట్టేదానికన్నా తరచు తక్కువే ఉంటుంది. పాత వడ్డనకొస్తే తగ్గిన కేజీలన్నీ వెనక్కి వస్తాయి. అందుకని ఫోనులో ఒప్పందం మాట్లాడుకుంటున్నాం. కాటా, డబ్బా, ఇడ్లీ స్టాండు నేనే ఇచ్చి పంపుతాను. పప్పన్నం, కాజా ఉండవు. నెయ్యి పండగలకి కూడా లేదు. ప్రస్తుతం చర్చ పెరుగు దగ్గర ఆగింది. మీగడ తీసిన పెరుగు రెండు చెంచాలు, డబ్బా లెక్కలో కలుపుకుని, ఇవ్వచ్చని ఒప్పుకున్నాను. అందులో గుప్పెడు అన్నం కలపకపోతే అది పెరుగెలా అవుతుందని అక్క అడుగుతోంది. బావగారితో మాట్లాడి చెబుతానంది.