తొట్టి మీద చిన్న సూర్యుడు

అక్వేరియం తొట్టిలోని నీటి మొక్కల కోసమని అమ్మే లైటు ధర వింటే, తొట్టి కంటే దాని మూతే ఖరీదనిపిస్తుంది. ఇంట్లోని పనిమంతుడు బయటికొచ్చేది అప్పుడే. 2 అడుగుల తొట్టికి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు, హోల్డర్లు రెండు, తెల్ల రంగేసిన ఓ చెక్క పలక చాలు. బల్బు డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉందో లేదో చూస్తాడు. పగటి వెలుగుకు దగ్గరి తెలుపది. జావా ఫెర్న్, అనూబియాస్ లాంటి మొక్కలకు ఆ రెండు బల్బుల కన్నా ఎక్కువ వెలుగు అక్కర్లేదు.

అసలు నేర్పు వెలుగు పెంచడంలో లేదు, ఆపడంలో ఉంది. మితిమీరితే ముందు పెరిగేది నాచే. అందుకే టైమరు పెట్టి రోజుకు 7, 8 గంటలకే కట్టడి చేస్తాడు. వైరును ప్లగ్గు కన్నా కిందికి వంపు తిప్పి వదులుతాడు. జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, సాకెట్టు దాకా ఎక్కదు. ఆ ఒక్క వంపులోనే పనితనం తెలుస్తుంది.

మీరూ చేసి చూడండి. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు మాత్రం ప్లగ్గు పీకండి.