గోడ మీద పన్నెండు సెకన్లు

తొలినాటి విమానాల ఫోటోలను అల్యూమినియం రేకు మీద అచ్చువేయించి గోడకు తగిలించుకోవడం ఈమధ్య ఒక ముచ్చటైంది. ఆఫీసు వరండాల్లో, హోటళ్ళలో, కాస్త కలిగినవారి ఇళ్ళ హాళ్ళలో ఇవి కనిపిస్తున్నాయి. అలంకారమే కదా అని ఊరుకోవచ్చు. కానీ బొమ్మ ఒకటే అయినా దాన్ని దేని మీద వేశారు, ఎంత మేరకు ఉంచారు అన్నదాన్ని బట్టి అది చెప్పే మాట మారిపోతుంది. అందరికీ తెలిసిన ఒక్క ఫోటోను తీసుకుని ఈ సంగతి పరిశీలిద్దాం.

1903 డిసెంబరు 17న అమెరికాలోని ఉత్తర కరోలినా తీరంలో, కిల్ డెవిల్ హిల్స్ ఇసుకదిబ్బల దగ్గర తీసిన ఫోటో అది. ఉదయం 10 గంటల 35 నిమిషాలకు ఆర్విల్ రైట్ బోర్లా పడుకుని నడిపిన యంత్రం 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరి దిగింది. ఫోటో తీసిన జాన్ డేనియల్స్‌కు కెమెరా పని తెలియదు. ఓడ ప్రమాదాల్లో చిక్కినవారిని కాపాడే తీరకేంద్రంలో ఆయన ఉద్యోగి. విమానం పట్టా వదిలి లేస్తుందనుకున్న చోటికి ఆర్విలే కెమెరాను గురిపెట్టి, షట్టరు పడే రబ్బరు బుగ్గను ఆయన చేతికిచ్చాడు. ఆ సంబరంలో తాను నొక్కాడో లేదో డేనియల్స్‌కే నమ్మకం లేకపోయింది. రైట్ సోదరులు డేటన్‌లోని ఇంటికి వెళ్ళి గాజుపలకను కడిగాక గానీ బొమ్మ పడిందని తెలియలేదు.

ఆ బొమ్మలో ఏముంది? నేలకు రెండడుగుల ఎత్తున యంత్రం. కుడివైపు, అప్పుడే రెక్క వదిలేసి నిశ్చేష్టుడైనట్టున్న అన్న విల్బర్. కింద పట్టా, అంతవరకు రెక్కను ఆన్చి ఉంచిన చిన్న బల్ల, ఇసుకలో అడుగుజాడలు. రెక్కలకు కట్టింది మస్లిన్ బట్ట, లోపలి చట్రం స్ప్రూస్ కర్ర. చార్లీ టేలర్ చేసిపెట్టిన ఇంజనులో మాత్రం పోతపోసిన అల్యూమినియం ఉంది. అంటే ఈనాడు గోడ మీద బొమ్మను మోస్తున్న లోహం ఆనాటి యంత్రంలో ఇంజనుకే పరిమితం. తక్కినదంతా దాదాపు బట్టా, కర్రా, తీగలూ.

ఇక అచ్చు సంగతి. బొమ్మను ముందు ప్రత్యేకమైన కాగితం మీద తిరగేసి ముద్రిస్తారు. పూత పూసిన అల్యూమినియం రేకు మీద దాన్ని పరిచి, సుమారు 200 డిగ్రీల వేడిలో అదుముతారు. కర్పూరం నీరు కాకుండానే ఆవిరైనట్టు రంగు ఆవిరై పూతలోకి ఇంకుతుంది. పూతలో రెండు రకాలున్నాయి. తెల్లపూత అయితే బొమ్మలోని తెలుపు తెలుపుగానే ఉంటుంది. పారదర్శకమైన పూత అయితే తెలుపు ఉండవలసిన చోట రేకే బయటపడి మెరుస్తుంది.

చిక్కంతా ఈ రెండో రకంతోనే. ఆ మెరుపులో రైట్ సోదరుల బట్టరెక్కలు తగరపు రెక్కలవుతాయి. మబ్బుపట్టినట్టున్న ఆకాశం ఉక్కుబీరువా తలుపులా తళతళలాడుతుంది. నేను చూసిన మరో రేకు మీద జర్మనీకి చెందిన ఒట్టో లిలియెంథాల్ బొమ్మ ఉంది. విల్లో కొమ్మలకు నూలుబట్ట కట్టి, బెర్లిన్ దగ్గర తానే పోయించిన మట్టిగుట్ట మీది నుంచి దూకిన మనిషి ఆయన. 1896 ఆగస్టులో అలా ఎగురుతూనే పడి, మర్నాడు చనిపోయాడు. రేకు మీద ఆయన రెక్కలు కత్తుల్లా ఉన్నాయి. అవి విరిగే రెక్కలని చూసేవారికి తోచదు. తోచకపోతే ఆ మనిషి దేనికి తెగించాడో కూడా తెలియదు.

రెండో లోపం కత్తిరింపు. సోఫా పైన గోడకు సరిపడే కొలత కోసం అడుగుజాడలను, బల్లను తీసేస్తారు. కొన్నిటిలో విల్బర్ కూడా ఉండడు. అదే రోజు నాలుగోసారి 59 సెకన్లలో 852 అడుగులు ఎగిరినవాడు ఆ విల్బరే! అతన్ని తీసేస్తే యంత్రం దానంతటదే లేచినట్టుంటుంది. చెయ్యి పట్టి నడిపించిన మనిషి లేకపోతే ఆ బొమ్మలో మిగిలేది సామాను.

మూడోది శుభ్రం చెయ్యడం. 1913 మార్చిలో డేటన్ వరదల్లో ఈ గాజుపలకలు మునిగి, కొన్నిటి మీది పొర లేచిపోయింది. ఈ ఫోటోకు ఒక మూల దెబ్బతగిలింది. 1949లో పలకలన్నీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి. ఇప్పుడు రేకుల మీద ఆ దెబ్బ కనబడకుండా కంప్యూటరుతో పూడ్చేస్తున్నారు. లెడ్జర్లు చేత్తో రాసే రోజుల్లో మా బ్యాంకుల్లో ఒక నియమం ఉండేది. తప్పు అంకెను గీకి చెరపకూడదు. అది కనబడేలా అడ్డంగా కొట్టి, సరైన అంకె వేసి, పక్కన పొడి సంతకం చెయ్యాలి. బొమ్మను దిద్దినవారు అలాంటి సంతకమేదీ పెట్టరు. ఆ మచ్చ వరదకు సాక్ష్యం. దాన్ని చెరిపే హక్కు కొలిమివాడికీ లేదు, కొనేవాడికీ లేదు.

రేకు అచ్చును మొత్తంగా కాదనడం నా ఉద్దేశం కాదు. యానాం వంటి చెమ్మగాలి ఊళ్ళలో అద్దం వెనక కాగితం ఫోటో అంటుకుపోతుంది, బూజుపడుతుంది. రేకుకు ఆ బాధ లేదు, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. ఎండ మాత్రం నేరుగా తగలనివ్వకూడదు. పైగా 5 అంగుళాలకు 7 అంగుళాల గాజుపలకలోని బొమ్మ మూడడుగుల వెడల్పున కనబడితే, దూరానున్న విల్బర్ భంగిమ కూడా పిల్లలకు తెలుస్తుంది. అది చిన్న లాభం కాదు.

కనుక కొనదలచినవారు అడగవలసినవి మూడే. తెల్లపూత మీద, మెరుపు లేని రకం ఉందా? బొమ్మ నాలుగు అంచులూ, మచ్చతో సహా, ఉన్నాయా? కింద తేదీ, స్థలం, ఫోటో తీసినవాడి పేరు వేస్తారా? ఈ మూడూ ఉన్న రేకు పక్కదానికంటే కాస్త మసకగా కనిపించవచ్చు. అదే కొనండి.

ఎందుకంటే, నాలుగోసారి దిగిన తర్వాత పెద్దగాలి వచ్చి ఆ యంత్రాన్ని దొర్లించేసింది. దాన్ని పట్టుకుని ఆపబోయిన డేనియల్స్ కర్రలూ తీగల మధ్య చిక్కి దొర్లి దెబ్బలు తిన్నాడు. ఆ యంత్రం మళ్ళీ ఎగరలేదు. అంత బలహీనమైన యంత్రంతో, అంత కొద్దిమంది మనుషులు, ఆ చలిగాలిలో సాధించిన పని అది. మన పిల్లలు ఆ గోడ వైపు చూసినప్పుడు వాళ్ళకు ఆ బలహీనత కూడా కనబడాలి. అప్పుడే ఆ పన్నెండు సెకన్లు ఎంత పెద్దవో వాళ్ళకు తెలుస్తుంది.